ఢిల్లీ పద్దులో ఆడవారి పేరు రాయించిన దుర్గాబాయమ్మ

చిన్నతనంలో చదువు మానేసి, పెళ్ళయి, పిల్లలు పుట్టిన తర్వాత మళ్ళీ పుస్తకం పట్టి, మెట్రిక్ పరీక్ష పాసై, గ్రామసేవికగానో నర్సుగానో పంతులమ్మగానో ఉద్యోగం చేసి సంసారాన్ని నిలబెట్టిన ఆడవారు పాత తరంలో ప్రతి తాలూకాలోనూ ఉన్నారు. అటువంటి వారి కోసం ప్రభుత్వం ఒక ప్రత్యేకమైన చదువు ఏర్పాటు చేసిందనీ, ఆ ఏర్పాటు వెనుక మన గోదావరి తీరాన పుట్టిన ఒక ఆడపడుచు పట్టుదల ఉందనీ నేటి పిల్లలకు అంతగా తెలియదు. ఆ మహిళ శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె చదువు కూడా చిన్నప్పుడే ఆగిపోయింది. ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టి రాజ్యాంగ సభ దాకా వెళ్ళారు. వెళ్ళిన చోటల్లా ఆడవారి మాట చట్టంలోనూ, ఆడవారి ఖర్చు బడ్జెట్ పద్దులోనూ ఎక్కించారు.

రాజమండ్రిలో పుట్టి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి బెన్నూరి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881లో మొట్టమొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు అదే. పంతులు గారు అప్పటికింకా జీవించే ఉన్నారు. అయినా ఊరి ఆచారాలు ఒక్క రోజులో మారేవి కావు. దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే సంపన్న కుటుంబంలోని అబ్బాయితో వివాహం జరిపించారు. ఈడు వచ్చి మంచీ చెడ్డా తెలిసిన తర్వాత ఆమె కాపురానికి వెళ్ళనని చెప్పారు. తన దారి వేరనీ, ఆయన మరొకరిని వివాహం చేసుకోవచ్చుననీ తెలియజేశారు. ఆ రోజుల్లో ఆడపిల్ల నోట అటువంటి మాట రావడం సామాన్యం కాదు. పుట్టింటివారు ఆమెను నెట్టివేయకుండా అండగా నిలవడం ఇంకా గొప్ప విషయం.

తరువాత కథ కూడా చెప్పుకోదగినది. ఆ పెద్దమనిషి వేరే వివాహం చేసుకుని కొన్నేళ్ళకు కాలం చేశారు. దిక్కులేక మిగిలిన ఆయన భార్యను దుర్గాబాయి తన సంస్థలోనే చేర్చుకుని, చేతిపని నేర్పించి, తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేశారు.

గాంధీజీ సభ

1921లో మహాత్మాగాంధీ కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పుడు పన్నెండేళ్ళు. ఊళ్ళో అందరూ మహాత్ముని దర్శనానికి ఉబలాటపడుతుంటే, దేవదాసీలూ, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలూ మాత్రం బహిరంగ సభకు రాలేని స్థితిలో ఉన్నారని ఆమె గమనించారు. వారి కోసం వేరుగా ఒక సభ ఏర్పాటు చేయమని పెద్దల వద్దకు వెళ్ళి అడిగారు. అయిదు వేల రూపాయల విరాళం పోగుచేస్తే గాంధీజీ సమయంలో అయిదు నిమిషాలు ఇప్పిస్తామని పెద్దలు షరతు పెట్టారు. ఆ కాలంలో అయిదు వేలంటే చిన్న మొత్తం కాదు. చిన్నపిల్ల ఎలాగూ తేలేదని వారు అనుకుని ఉండవచ్చు. కానీ ఆ దేవదాసీ స్త్రీలే చందాలు వేసుకుని సొమ్ము సమకూర్చారు.

అయిదు నిమిషాలకని వచ్చిన గాంధీజీ ఆ స్త్రీల మధ్య చాలాసేపు మాట్లాడారు. ఆయన హిందీ మాటలను ఆ పిల్లే తెలుగులో చెప్పింది. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి జోలెలో వేశారు. దుర్గాబాయి తన బంగారు గాజులు ఇచ్చేశారు. ఆమె అనువాదం నచ్చిన గాంధీజీ తర్వాత జరిగిన పెద్ద సభలో కూడా ఆమె చేతనే తెలుగు చెప్పించారు.

ఈ సంగతిని అందరూ దేశభక్తి కథగానే చెప్పుకుంటారు. అందులో ఇంకొకటి ఉంది. లోపలికి రానివ్వని ఆడవారి కోసం తలుపు దగ్గరున్న పెద్దలతో మాట్లాడి, వారి షరతు ఏమిటో తెలుసుకుని, అది నెరవేర్చి, తలుపు తెరిపించడం ఆమె పన్నెండో ఏటనే నేర్చుకున్నారు. తర్వాత జీవితమంతా చేసింది ఆ పనే.

తాను నేర్చుకున్న హిందీని ఇంట్లోనే బడి పెట్టి వందలాది మంది స్త్రీలకు నేర్పారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర ఆమె వాలంటీరుగా ఉన్నారు. టిక్కెట్టు లేకుండా ఎవరినీ పంపవద్దని ఉత్తర్వు. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వస్తే ఆయననూ ఆపేశారు. నిర్వాహకులు గాభరాపడి టిక్కెట్టు కొన్న తర్వాతనే లోపలికి వదిలారు. నెహ్రూ కోపం తెచ్చుకోకపోగా ఆ పిల్ల పట్టుదలను మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళ తరువాత అదే నెహ్రూ ప్రధానిగా ఉండగా, ఆడవారి పనులకు సొమ్ము కావాలని ఢిల్లీలో ఆమె పట్టుపట్టబోతున్నారు.

జైలులో కలిగిన ఆలోచన

1930లో ఉప్పు సత్యాగ్రహం మద్రాసులో జరిగినప్పుడు దుర్గాబాయి ముందు నిలిచారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. వేలూరు, మదురై జైళ్ళలో గడిపారు. మదురైలో ఏకాంత శిక్ష కూడా అనుభవించారు. ఆరోగ్యం దెబ్బతింది.

ఆ జైళ్ళలో రాజకీయ ఖైదీలే కాక, నేరాలు మోపబడిన మామూలు పల్లెటూరి ఆడవారు కూడా ఉండేవారు. చదువు లేదు. కోర్టులో ఏం జరుగుతోందో తెలియదు. తమ తరఫున వాదించే మనిషి లేరు. వారి గోడు విన్న దుర్గాబాయి, బయటికి వెళ్ళగానే చదువుకోవాలనీ, ఆ చదువు న్యాయశాస్త్రమే కావాలనీ నిశ్చయించుకున్నారు.

అప్పటికి ఆమె వయసు ఇరవై నాలుగు. చేతిలో మెట్రిక్ కూడా లేదు. కాశీ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్ పరీక్షకు సొంతంగా చదివి పాసయ్యారు. ఇంటర్మీడియెట్ అక్కడే పూర్తి చేశారు. బి.ఏ. ఆనర్సు కోసం వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో దరఖాస్తు పెట్టుకున్నారు. ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు గనుక చేర్చుకోవడం కష్టమని ఆయన చెప్పారు. దుర్గాబాయి వెనక్కి పోలేదు. చదువుకోదలచిన ఆడపిల్లలు ఎవరైనా ఉన్నారా అని పత్రికలో ప్రకటన ఇచ్చారు. హాస్టలు లేక ఇళ్ళలో ఆగిపోయిన అమ్మాయిలు ముందుకొచ్చారు. అందరూ కలిసి ఒక వసతి ఏర్పాటు చేసుకున్నారు. ఇక విశ్వవిద్యాలయం వారికి కాదనే కారణం లేకపోయింది. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని వకీలుగా పని మొదలుపెట్టారు.

ఆంధ్ర మహిళాసభ

ఈలోగానే మద్రాసు మైలాపూరులో కొందరు ఆడపిల్లలు ఆమె దగ్గర చదువుకోవడానికి చేరారు. తాను పాసైన కాశీ మెట్రిక్ పరీక్షకే వారికీ పాఠాలు చెప్పారు. ఆ చిన్న గుంపు నుంచి 1937లో ఆంధ్ర మహిళాసభ పుట్టింది. భర్త వదిలేసినవారు, చిన్నతనంలోనే పసుపు కుంకుమలు పోగొట్టుకున్నవారు, చదువు అబ్బక ఇంటికే పరిమితమైనవారు అక్కడికి చేరేవారు. రెండేళ్ళు కష్టపడితే పదేళ్ళ బడి చదువుకు సరిపడా పరీక్ష పాసై బయటికొచ్చేవారు. నర్సు శిక్షణకో టీచరు శిక్షణకో వెళ్ళేవారు. వయసు మళ్ళితే చదువు రాదన్నది ఒట్టి మాట అని ఆ ఇంట్లో రుజువైంది. ఈ రుజువు చేతిలో ఉండబట్టే తర్వాత ప్రభుత్వం ముందు ఆమె గట్టిగా నిలబడగలిగారు.

రాజ్యాంగ సభలో

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. వందలాది సభ్యులున్న ఆ సభలో మహిళలు సుమారు పదిహేను మంది మాత్రమే. అధ్యక్షుడు లేని సమయంలో సభ నడిపే వారి జాబితాలో ఉన్న ఏకైక మహిళ ఆమె. రాజ్యసభకు పోటీ చేసేవారికి కనీసం 35 ఏళ్ళు ఉండాలని ముసాయిదాలో రాస్తే, దానిని 30కి తగ్గించాలని సవరణ ప్రతిపాదించి నెగ్గించారు. నేటికీ రాజ్యసభ సభ్యత్వానికి వయసు 30 ఏళ్ళే.

ఆమె మనసు మాత్రం ఆస్తి హక్కు మీద ఉండేది. అప్పటి స్థితి ఏమిటో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతో వాటా. కూతురికి పెళ్ళి ఖర్చు, ఇష్టమైతే పసుపు కుంకుమల కింద ఏదో కొంత. భర్త పోయిన స్త్రీకి మనోవర్తి. 1937 నాటి చట్టం వితంతువుకు వాటా ఇచ్చినా, అది ఆమె బతికినంత కాలం అనుభవించడానికే. అవసరానికి అమ్ముకుందామన్నా సర్వహక్కులు లేవు. ఆమె తర్వాత అది భర్త వారసులకు పోయేది.

దీన్ని మార్చడానికి డాక్టర్ అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లును తెచ్చారు. బయటా లోపలా పెద్ద వ్యతిరేకత వచ్చింది. కుటుంబాలు విడిపోతాయనీ, భూములు ముక్కలవుతాయనీ అన్నారు. దుర్గాబాయి ఇతర మహిళా సభ్యులతో కలిసి కూతుళ్ళకు ఆస్తిలో వాటా కోసం వాదించారు. బిల్లు ముందుకు సాగలేదు. 1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత అదే బిల్లు ముక్కలుగా చట్టమైంది. 1955లో వివాహ చట్టం, 1956లో వారసత్వ చట్టం వచ్చాయి. వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే ఆయన స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా వచ్చింది. వితంతువుకు దక్కిన ఆస్తి మీద ఆమెకే సర్వహక్కులు వచ్చాయి.

పిత్రార్జితంలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులదిగానే మిగిలింది. ఆ లోటును దేశంలో ముందుగా సవరించిన రాష్ట్రాల్లో మనది ఒకటి. 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళి కాని కుమార్తెలకు కూడా కొడుకులతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2005లో పార్లమెంటు పెళ్ళయినవారితో సహా కుమార్తెలందరికీ ఆ హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉన్నా లేకపోయినా ఆ హక్కు కూతురికి పుట్టుకతో వచ్చేదేనని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. రాజ్యాంగ సభ నాటి వాదన పూర్తిగా గెలవడానికి డెబ్బై ఏళ్ళకు పైగా పట్టింది.

నాలుగు కోట్ల పద్దు

1952 ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. అయితే నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా తీసుకున్నారు. సాంఘిక సంక్షేమం ఆమె బాధ్యత. మొదటి పంచవర్ష ప్రణాళిక అంటే ఆనకట్టలు, కరెంటు, పంటలు అనే అందరి ధ్యాస. ఆడవారికీ పసిపిల్లలకూ ఖర్చు పెట్టడం దానధర్మాల పనే గాని ప్రభుత్వ పని కాదన్న భావం బలంగా ఉండేది. ఊళ్ళలో సేవ చేస్తున్న సంస్థలు వేలాదిగా ఉన్నా చాలావాటికి సొమ్ము లేదు. వాటికి సాయం చేయడానికి ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయింపు జరిగింది. ఆ సొమ్మును పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయే.

ఆ బోర్డు పని మొదలుపెట్టాక, పట్టణాల్లోనే సంస్థలు ఉన్నాయి, పల్లెల్లో లేవు అని తేలింది. పల్లెలో సంస్థ లేదు గనుక సాయం లేదు అంటే, వాల్తేరులో హాస్టలు లేదు గనుక సీటు లేదు అన్నట్టే. అందుకని 1954 నుంచి సుమారు 25 గ్రామాలకు ఒకటి చొప్పున సంక్షేమ విస్తరణ పథకాలు మొదలుపెట్టారు. ఒక గ్రామసేవిక, ఒక మంత్రసాని, పిల్లలకు బాలవాడి, ఆడవారికి రాత్రి బడి, కుట్టుపని. వాటిని నడిపే సంఘాల్లో స్థానిక మహిళలకే పెద్దపీట వేశారు. సొమ్ము ఎలా ఖర్చు పెట్టాలో ఊరి ఆడవారు కూర్చుని నిర్ణయించడం మన పల్లెలకు అది కొత్త సంగతి.

అదే 1953 జనవరిలో ఆమె నాటి కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహం చేసుకున్నారు. ఆ వివాహానికి నెహ్రూ సాక్షి సంతకం చేశారు. వీరేశలింగం గారి ఊరి ఆడపడుచు నలభై మూడేళ్ళ వయసులో తనకు నచ్చిన వ్యక్తిని రిజిస్టరు వివాహం చేసుకోవడం ఆనాడు ఎందరికో ధైర్యం ఇచ్చింది.

చైనా వెళ్ళినప్పుడు అక్కడ కుటుంబ తగాదాలకు ప్రత్యేక కోర్టులు ఉండడం గమనించి, మన దేశంలోనూ ఉండాలని నెహ్రూతోనూ పెద్ద న్యాయమూర్తులతోనూ మాట్లాడారు. భరణం కోసం తిరిగే స్త్రీ ఏళ్ళ తరబడి మామూలు సివిలు కోర్టులో మగ్గకూడదని ఆమె కోరిక. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

ఆగిన చదువుకు రెండో అవకాశం

గ్రామసేవికలు కావాలంటే చదివిన ఆడవారు కావాలి. పల్లెల్లో వారు దొరకలేదు. పట్టణం నుంచి వచ్చినవారు పల్లెలో నిలిచేవారు కాదు. దీనికి మైలాపూరు ఇంట్లో దొరికిన మందే ఆమె వాడారు. 1958లో బోర్డు ద్వారా పెద్ద వయసు స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టించారు. కొంత చదివి మానేసిన పల్లెటూరి స్త్రీలను చేర్చుకుని, రెండేళ్ళలో మెట్రిక్ లేదా మిడిల్ స్కూలు పరీక్షకు తయారు చేయడం ఆ పథకం. అలా పాసైనవారు గ్రామసేవికలుగా, బాలసేవికలుగా, నర్సులుగా, ఉపాధ్యాయినులుగా తిరిగి పల్లెలకే వెళ్ళారు. ఒక మనిషికి వ్యక్తిగతంగా పనికివచ్చిన దారి దేశమంతటికీ ప్రభుత్వ పథకమైంది.

అదే సంవత్సరం బాలికల విద్యపై కేంద్రం వేసిన జాతీయ సంఘానికి ఆమె అధ్యక్షురాలయ్యారు. 1959లో నివేదిక ఇచ్చారు. ఆడపిల్లల చదువును మామూలు పద్దులో కలిపేయకుండా ప్రత్యేక సమస్యగా చూడాలనీ, దానికి వేరే నిధి ఉండాలనీ, ప్రతి రాష్ట్రంలోనూ దాన్ని చూసే పెద్ద అధికారిగా ఒక మహిళ ఉండాలనీ కోరారు. పల్లె బడుల్లో ఉపాధ్యాయినులు ఉంటేనే తల్లిదండ్రులు ఆడపిల్లలను పంపుతారని గుర్తించి, వారికి ఊళ్ళోనే ఇళ్ళు కట్టించాలని సిఫారసు చేశారు. ఆ తర్వాత ఏర్పడిన మహిళా విద్యా జాతీయ మండలికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆమే.

అన్నీ అనుకున్నట్టు జరిగాయని చెప్పలేం. చాలాచోట్ల బాలవాడీలు నిధులు చాలక మూతపడ్డాయి. కుట్టుమిషను ఇచ్చినంత మాత్రాన సమానత్వం రాదని తర్వాతి తరం మహిళా కార్యకర్తలు విమర్శించారు. అది కొంతవరకు నిజమే. దుర్గాబాయి స్థాపించిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డును కూడా ప్రభుత్వం 2022లో మూసివేసింది. అయితే ఆడవారి ఖర్చు దానం కాదు, ప్రభుత్వ బాధ్యత అన్న మాట ఒకసారి పద్దులోకి ఎక్కిన తర్వాత ఏ ప్రభుత్వమూ దాన్ని కొట్టివేయలేకపోయింది.

చివరి రోజులు

ఉద్యోగ బాధ్యతలు ముగిసిన తర్వాత దేశ్‌ముఖ్ దంపతులు హైదరాబాదులో స్థిరపడ్డారు. ఆంధ్ర మహిళాసభ అక్కడా ఆసుపత్రి, కళాశాల, అక్షరాస్యతా కేంద్రం నెలకొల్పింది. విద్యానగర్‌లో ఆమె పేరిట ఉన్న ఆసుపత్రి చాలామందికి తెలిసినదే. 1975లో భార్యాభర్తలిద్దరికీ పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు.

ఆమె సాధించిన చట్టాలు నేడు పుస్తకంలో ఉన్నాయి. అయినా మన ఊళ్ళలో రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద ఇప్పటికీ ఒక దృశ్యం కనబడుతూనే ఉంటుంది. అన్నదమ్ములు తెచ్చిన హక్కు విడుదల కాగితం మీద, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో, చదవకుండానే అక్కచెల్లెళ్ళు సంతకం చేస్తుంటారు. వాటా వదులుకోవాలా వద్దా అన్నది వారి ఇష్టం. ఆ కాగితంలో ఏముందో తెలిసి సంతకం పెట్టడం మాత్రం వారి హక్కు. కోర్టులో ఏం జరుగుతోందో తెలియక శిక్షపడిన ఆడవారిని చూసి ఒక యువతి జైలులో న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నది ఇందుకే. సంతకానికి ముందు కాగితం చదివించుకున్న ప్రతి ఆడపడుచూ దుర్గాబాయమ్మ పని కొంత ముందుకు తీసుకువెళ్ళినట్టే.